గిట్టల లెక్క

మా ఊరి పేరు టీవీలో ఏడాదికి ఒక్క నెలే వినపడుతుంది, ఎండలు చెప్పేటప్పుడు. రెంటచింతల అనగానే హైదరాబాదులో జనం లేచి ఫ్యాను ఒక గీత పెంచుకుంటారని మా తమ్ముడు కిరణ్ కుమార్ అంటాడు. ఆ ఎండల్లోనే మరియమాత పండగ వస్తుంది, పండగతో పాటు బండలాగుడు పందెం వస్తుంది. బరిలో ఒక జత ఎడ్లు, వాటి వెనక మోకుతో కట్టిన రాతిబండ, వాటితో పాటు పరిగెత్తే తోలేవాడు. ఇచ్చిన టైములో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. ఇంత చిన్న సంగతి కోసం మా ఇంట్లో ఎడ్లు ఏడాది పొడుగునా ఉలవలు, ఖర్జూరాలు, బాదంపప్పులు, నాటుగుడ్లు తింటాయి. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు నాకు వీటిలో ఉలవలు మాత్రమే దక్కాయి, అవీ చారు రూపంలో.

ఎడ్లు కొనేది మా ఆయన కృపాదానం. పేర్లు పెట్టేది మా అత్తగారు గ్రేసమ్మ. తోలేది మా మరిది చంటి. పేడ ఎత్తేది ఎవరో నేను విడిగా చెప్పక్కర్లేదు.

మొదటి జతకి అత్తగారు గాబ్రియేలు, మిఖాయేలు అని దేవదూతల పేర్లు పెట్టింది. ఫాదర్ గారు నవ్వుతూనే, "పశువులకి ఆ పేర్లేందమ్మా?" అని అడిగారు.

"కొడుకులకి మంచి పేర్లు పెట్టి చూశాను గదా ఫాదర్, ఏం లాభం లేకపాయె," అంది.

కొడుకులిద్దరూ పక్కనే నిలబడి ఉన్నారు. పెద్దాయన మీసం సర్దుకున్నారు. చిన్నోడు పడీ పడీ నవ్వాడు.

చంటికి జ్ఞానస్నానం నాటి పేరు వేరే ఉంది గానీ, నలభై దాటినా ఊరికి చంటే. పెళ్లి కాలేదు. చివరగా వచ్చిన సంబంధం నకరికల్లు నుంచి. పిల్ల మేనమామ ఇల్లంతా తిరిగి చూసి, "అబ్బాయి గది ఏది?" అని అడిగాడు. చంటి తీసుకుపోయి కొట్టంలో రెండు ఎడ్ల మధ్య వేసి ఉన్న నులకమంచం చూపించాడు. వాళ్లు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా బస్సెక్కారు.

"ఒక మాట అబద్ధమాడితే ఏం పోయిందయ్యా?" అన్నాను.

"నాకేం బాధ లేదు వదినా. చిక్కటి పాలతో పెట్టావు, కాఫీ వేస్టయింది," అన్నాడు.

గాబ్రియేలూ మిఖాయేలూ మొదట్లో గురజాలలో గెలిచాయి, కారంపూడిలో గెలిచాయి. మా ఊరి పండగలో మాత్రం ఎప్పుడూ గెలవలేదు. పరాయి ఊళ్లో ఎన్ని షీల్డులు తెచ్చినా సొంత ఊళ్లో మైకులో పేరు వినపడకపోతే లెక్కలోకి రాదని చంటి బాధ. అందులోనూ రానురాను దూరం తగ్గుతూ వచ్చింది. ఒక పండక్కి మా జత ఆరో స్థానంలో నిలబడింది. ఆ పందెం చూడ్డానికే కిరణ్ వచ్చాడు.

మా తమ్ముడి ఉద్యోగం ఏందో మా నాన్నకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. హైదరాబాదులో రేసు గుర్రాల మీద డబ్బు పెట్టే పెద్దమనుషులకి, ఏ గుర్రం కొనాలో ఏది కొనగూడదో లెక్కలు కట్టి చెప్పే కంపెనీ అది. పందెం అయిపోయాక మా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"అక్కా, బావ ఎద్దుని ఎట్టా కొంటాడు?"

"మూపురం చూస్తారు. తోక చూస్తారు. సుడి చూస్తారు. అమ్మేవాడి ముఖం చూస్తారు. తర్వాత ఇంటికొచ్చి నా ముఖం చూడకుండా పడుకుంటారు."

"గుర్రాలకీ ఒకప్పుడు అంతే. ఇప్పుడు మేము అందం చూడం. అంగ ఎంత సాగుతది, నిమిషానికి ఎన్ని అంగలు, పరుగు ఆపాక గుండె ఎంతసేపటికి నెమ్మదిస్తది, తాత ఎవరు, ముత్తాత ఎవరు. ఇవే."

"నా పెళ్లప్పుడు నాన్న ఇంత ఆరా తీసుంటే బాగుండేది."

లోపల గదిలోంచి మా ఆయన, "వినపడతందే," అన్నారు.

"నువ్వు స్టాటిస్టిక్స్ గదా అక్కా. ఎడ్లకి నువ్వు చెయ్. నేను నేర్పిస్తా."

నిజమే. నరసరావుపేటలో బీయస్సీ చదివాను. ఆ పట్టా బీరువాలో పట్టుచీరల కింద, చీరల కంటే మడత నలగకుండా ఉంది. పెళ్లయ్యాక నేను వేసిన లెక్కలు రెండే: గ్యాసు బండ ఎన్నాళ్లు వస్తుంది, అత్తగారు ఎప్పుడు అలుగుతుంది. రెండోదానికి నేను చదివిన ఏ సూత్రమూ పనిచేయలేదు. కాబట్టి ఎడ్ల లెక్క అనగానే నాకు ఉషారు పుట్టింది. మిరపకాయల డబ్బు ఎట్టాగూ ఎడ్ల పాలే అవుతుంది, తెలివిగా అయినా అవనీ అనుకున్నాను.

గుర్రాలకి కట్టే, గుండె వేగం కొలిచే పట్టీ పాతది ఒకటి కిరణ్ పంపించాడు. గాబ్రియేలు ఛాతీకి అది సగం కూడా రాలేదు. మాచర్లలో ఆటో సీట్లు కుట్టే ఆయన దగ్గర ఇంకో ముక్క అతికించుకొచ్చాం. పట్టీ చర్మానికి ఆనుకోవడానికి ఏదో జెల్లీ రాయాలన్నాడు. దొడ్డెనక కలబంద ఉంది, దాని గుజ్జు రాశాను. పొద్దున్నే మా చేలో, దున్నిన మట్టిలో సాధన బండ లాగిస్తాడు చంటి. ఆ గట్టు మీద కర్ర పాతి, మోకాలెత్తున ఫోను కట్టాను. నాకు కావలసింది గిట్టలే. చంటి పరిగెత్తేది ఎడ్లకి ఎడమ పక్కన, నా ఫోను ఉన్నదీ ఆ వైపే. అందువల్ల ఏ వీడియో చూసినా ముందు చంటి కాళ్లు, వాటి వెనకాల గిట్టలు.

"చంటీ, నీ కాళ్లు అడ్డమొస్తన్నాయి."

"ఏం చేయమంటావు వదినా, తీసి గూట్లో పెట్టి రానా?"

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చితే నేను వీడియో మెల్లగా తిప్పుకుంటూ అంగలు లెక్కపెట్టేదాన్ని. అత్తగారు పక్కింటి ప్రభావతిని పిలిచి మరీ చూపించింది.

"సీరియల్ వదిలేసి ఎద్దు కాళ్లు చూస్తంది, చూడవే దీన్ని."

ప్రభావతి వచ్చి కాసేపు కూర్చుని చూసింది. "కథ బాగానే ఉంది గానీ పిన్నీ, నెమ్మదిగా నడుస్తంది," అంది.

కొన్నాళ్లకి నాకు ఒక సంగతి తేలింది. మొదటి సగంలో గాబ్రియేలు అంగ బ్రహ్మాండం. రెండో సగంలో కురచవుతుంది. రోజూ అదే. మిఖాయేలు బాగానే ఉంది గానీ పక్కది నెమ్మదిస్తే తనేం చేస్తుంది. గ్రాఫు గీసి మా ఆయనకి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని తిరగేసి, బోర్లేసి, "అంటే గాబ్రియేలు పని అయిపోయింది," అన్నారు.

"అయిపోయిందని కాదు..."

"సైన్సు చెప్పింది గదే."

పెళ్లయ్యాక నా మాట మొదటిసారి మారు మాట్లాడకుండా విన్నారు. ఆ ఆనందంలో నేనూ ఊరుకున్నాను.

గాబ్రియేలుని దాచేపల్లి వైపు రైతు కొనుక్కున్నాడు. ఆ పొద్దున చంటి దానికి నీళ్లు పోసి, కొమ్ములకి నూనె రాసి, పలుపు తన చేత్తోనే ఆ రైతుకి అందించి కొట్టంలోకి పోయాడు. పాలు మరవని దూడప్పటి నుంచి పెంచినోడు, ఏడుస్తాడనుకున్నాను. అన్నతో గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. రెండూ లేవు. అత్తగారే వ్యాను మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి ముక్కు చీదింది.

దాని బదులు దుర్గి నుంచి ఇంకోదాన్ని తెచ్చాం. ఎక్కడ ఎద్దు అమ్మకానికుందంటే అక్కడికి పట్టీ, కలబంద పట్టుకుని పోయాం. "ఎద్దుకి ఈసీజీ తీస్తార్రా వీళ్లు," అని జనం మూగేవాళ్లు. అన్నింట్లోకీ దీని గుండె గట్టిది. అత్తగారు రాఫాయేలు అని పెట్టింది. మొదట్లో బాగా లాగింది. కొన్ని నెలలు పోయాక మళ్లీ అదే తంతు, ఈసారి మిఖాయేలు కూడా రెండో సగంలో అంగ కుదించడం మొదలుపెట్టింది. సరే, మిఖాయేలూ పోయింది. అప్పుడూ చంటి నోరు మెదపలేదు. కోటప్పకొండ దగ్గర ఊరి నుంచి వచ్చినదానికి ముందే కోటయ్య అని పేరుంది. "దేవదూతలు అయిపోయారు, ఉన్న పేరే ఉండనీ," అంది అత్తగారు. అట్టా మా కొట్టంలో రాఫాయేలూ కోటయ్యా ఒకే కాడి కిందికి వచ్చారు. ఊళ్లో మతసామరస్యం గురించి మాట్లాడాల్సి వస్తే ఫాదర్ గారు మా కొట్టం గురించి చెప్పేవారు.

జత కొత్తది, లెక్క చూసి ఏరి తెచ్చుకున్నది. అయినా వేసవి వచ్చేసరికి దూరం ఇంకా తగ్గింది.

"రాఫాయేలుని మార్చాలి," అన్నారు మా ఆయన. "శుక్రవారం బేరగాడు వస్తాడు."

నాకు ఒకటి అర్థం కాలేదు. పట్టీ చూస్తే, బండ ఆగిన కాసేపటికే రెండు ఎడ్ల గుండెలూ మామూలుకి వచ్చేస్తున్నాయి. గాబ్రియేలు రోజుల్లోనూ అంతే. అంటే అవి అలిసిపోవట్లేదు. అలిసిపోని ఎద్దు ఎందుకు నెమ్మదిస్తుంది? కిరణ్‌కి ఫోన్ చేశాను.

"గుర్రం అట్టా ఉంటే మేము గుర్రాన్ని చూడం అక్కా," అన్నాడు ఏదో తింటూ. "జాకీని చూస్తాం. పైన కూర్చున్నోడు ఎక్కడో పగ్గం బిగబడుతుంటాడు."

ఆ మాట అని వాడు తిండిలో పడిపోయాడు. నాకు లెక్కలోంచి తీసేసిన ఒక రోజు గుర్తొచ్చింది. ఆ మధ్య చంటికి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే, మాచర్ల నుంచి అల్తాఫ్ అనే ఇంకో తోలేవాడు వచ్చి ఒక పూట సాధన చేయించాడు. ఆ రోజు అంకెలు ఒక్కసారిగా పైకి లేచాయి. మిగతావాటితో కలవని లెక్క వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందనుకోవాలని నా చదువు. దాన్ని తీసి పక్కన పెట్టేశాను. ఎడ్లు మారాయి, మేత మారింది. అన్ని వీడియోల్లోనూ మారకుండా ఉన్నది ఒక్కటే, నాకు అడ్డమొచ్చిన ఆ కాళ్లు.

వీడియో పెట్టి మొదటిసారి వాటినే చూశాను.

చంటి ఎప్పుడూ ఉత్త కాళ్లతో తోలేవాడు. ఏడాదిగా కాన్వాసు బూట్లు వేస్తున్నాడు. ఊళ్లో కుర్రాళ్లు "హీరో వచ్చాడ్రోయ్" అంటే జుట్టు ఎగరేసి పోజు ఇచ్చేవాడు. వీడియోలో మొదట రెండు బూట్లూ సమంగా లేస్తున్నాయి. కొంత దూరం పోయాక ఎడమ బూటు ముందు భాగం లేవడం మానేసింది. మడమ లేస్తుంది, వేళ్లు నేలనే ఉంటాయి. దున్నిన మట్టిలో బండ గీసుకుపోయిన వెడల్పాటి చార, దాని పక్కన కొడవలి మొనతో గీసినట్టు సన్నటి గీత.

పాత వీడియోలన్నీ తీశాను. గాబ్రియేలు ఉన్నప్పుడు ఆ గీత చివర్లో కాస్త, కాకి గోరంత. మిఖాయేలు పోయే నాటికి మధ్యలోనే మొదలవుతుంది. ఇప్పుడు మొదటి మలుపు దగ్గర్నుంచే. నేను ఇంతకాలం గీసిన గ్రాఫులన్నింటికంటే శుభ్రమైన గ్రాఫు అది. నేలమీద ఉంది, నేను గీసింది కాదు.

మజ్జిగ చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయాను. చంటి మంచమ్మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు.

"చంటీ, ఆ ఎడమ బూటు విప్పు."

"ఏంది వదినా, చెప్పుల కొట్టు పెడతన్నావా?"

"విప్పు."

నా ముఖం చూశాడు. ఇంక జోకులేయలేదు. బూటు విప్పాడు. సైకిల్ ట్యూబు ముక్కని వేళ్ల కిందుగా చుట్టి, పైకి లాగి, చీలమండకి బిగించి కట్టుకున్నాడు, పాదం కిందికి వాలకుండా. ట్యూబు ఒరిసి చర్మం లేచిపోయింది. ముడి విప్పగానే పాదం తడిగుడ్డలాగా వేలాడింది.

"ఎప్పట్నుంచి?"

"గాబ్రియేలు ఉన్నప్పట్నుంచే."

"దాని అంగ కురచైందని నేను చెప్తుంటే విన్నావు గదయ్యా! పలుపు నీ చేత్తో ఇచ్చావు గదా!"

"నీ లెక్క అబద్ధం గాదు గదా వదినా. దాని అంగ కురచైన మాట నిజమే. నా కోసం కుదించుకుంది." పాదాన్ని రెండు చేతులతో ఎత్తి మంచమ్మీద పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు పెట్టినట్టు. "అందరూ వెనక నుంచి అదిలించి తోలతారు. నేను అట్టా గాదు. నా భుజం పక్కనే మీ భుజం ఉండాలి, నన్ను దాటి పోగూడదు అని నేర్పా. ఏ ఎద్దొచ్చినా మొదటి నెల అదే నేర్పేది. అవి నేర్చుకున్నాయి. నేను నెమ్మదిస్తే అవి నెమ్మదిస్తాయి. అంతకుమించి వాటి తప్పేం లేదు."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చు గదా."

"చెప్తే గాబ్రియేలుని ఉంచుతారు, నన్ను తోలేస్తారు. అది యాడికి పోయినా ఎద్దే వదినా. మేత వేస్తారు, నీళ్లు పెడతారు. గాబ్రియేలు గాకపోతే ఇంకేదో పేరు పెట్టి పిలుస్తారు. ఈ కాడి పక్కన లేకపోతే నేనెవణ్ణి? కృపాదానం తమ్ముడు. ఇంతేగా."

మజ్జిగ చెంబు చేతికిచ్చాను. తాగాడు. రాఫాయేలు మా ఇద్దరి వైపూ చూస్తూ నెమరేస్తూ ఉంది.

"పండగ దాకా ఆగు వదినా. మన ఊళ్లో ఒక్కసారి గెలిస్తే, తర్వాత నువ్వు చెప్పినట్టే వింటా."

"నువ్వు తోలితే గెలవదు చంటీ."

ఆ మాట నా నోట్లోంచి లెక్క చెప్పినట్టే వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి లేదు, నిజమది.

"శుక్రవారం దీన్ని తీసుకుపోతారు," అన్నాను రాఫాయేలుని చూపించి. "ఆ తర్వాత కోటయ్యని. నీ కాలు కోసం ఇంకా ఎన్నిటిని అమ్ముదాం?"

అతను పలుపు చేతిలోకి తీసుకుని మళ్లీ పేనడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను. మా ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదనిపించింది.

శుక్రవారం బేరగాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మాట్లాడుకుంటున్నారు మా ఆయనా అతనూ. "చంటీ, రాఫాయేలుని పట్టుకురా," అని మా ఆయన కేకేశారు.

చంటి ఒక్కడే వచ్చాడు. బూట్లు లేవు, ట్యూబు లేదు. అప్పుడే కళ్లాపి చల్లిన వాకిలి. కొట్టం దగ్గర్నుంచి అరుగు దాకా నడిచాడు. తడి మట్టిలో అతని వెనకాలే గీత వచ్చింది.

"అన్నా, ఈసారి ఎద్దుని గాదు. నన్ను మార్చు."

"ఏందిరా ఆ నడక? పొద్దున్నే నాటకాలా?" అన్నారు మా ఆయన. తర్వాత గీతని చూశారు. కొట్టం దాకా చూసి, మళ్లీ పాదం దాకా చూశారు. నా వైపు తిరిగారు. నేను తల దించుకోలేదు, ఊపలేదు. ఆయనకి అర్థమైపోయింది.

"ఎదవా," అన్నారు తమ్ముణ్ణి. "ఒట్టి ఎదవ్వి రా నువ్వు. గాబ్రియేలుని అమ్మించావు గదరా నా చేత."

"అమ్మించా."

బేరగాడు మంచి మనిషి. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంకోసారి వస్తాలే," అని ఎవరికీ చెప్పనట్టు చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టారు. తొట్టి నిండి పొర్లిపోతున్నా కడుక్కుంటూనే ఉన్నారు. అత్తగారు వేళాంగణి నుంచి తెచ్చుకున్న నూనె సీసా తీసి, కింద కూర్చుని, కొడుకు పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. 

గుంటూరులో డాక్టరు గారు కాళ్లలోకి సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూశారు. నరాలు కండరాలకి మాట అందించడం మానేస్తున్నాయన్నారు. కాలితో మొదలైంది, కాలితో ఆగదన్నారు. చేతులు, తర్వాత మాట, ఆ తర్వాత ఊపిరి. కొంత నెమ్మదిపరచొచ్చు గానీ వెనక్కి తిప్పే మందు లేదన్నారు. ఎన్నాళ్లని మా ఆయన అడిగితే, మనిషిని బట్టి అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చంటి కిటికీ పక్కన కూర్చున్నాడు. సత్తెనపల్లి దాటాక అన్నాడు, "నిన్న కిరణ్‌కి ఫోన్ చేశా వదినా. గుర్రానికి కాలు పోతే మీ కంపెనీ ఏం చేస్తదిరా అని అడిగా."

"ఏమన్నాడు?"

"ఫోన్ పెట్టేశాడు పాపం."

నవ్వింది తనొక్కడే.

ఇంటికి రాగానే మా ఆయన, "రెండిటినీ అమ్మేద్దాం. ఈ గడప లోపల ఇంక ఎద్దనేది వద్దు," అన్నారు.

"అట్టయితే గాబ్రియేలు ఊరకే పోయినట్టు గదన్నా," అన్నాడు చంటి. "అల్తాఫ్‌ని పిలువు. ఈ పండక్కి అతను తోలతాడు."

అల్తాఫ్ మాచర్లలో ఆటో నడుపుతాడు, బరిలో దిగితే మాత్రం నిప్పు. సంగతి విని, "నేను తోలను భాయ్, నా వల్ల కాదు," అన్నాడు. చంటి అతన్ని కొట్టంలోకి తీసుకుపోయి ఏం మాట్లాడాడో తెలియదు. బయటికి వచ్చాక అల్తాఫ్ ఎవరి వైపూ చూడకుండా, "రేపు పొద్దున వస్తా అక్కా," అని ఆటో ఎక్కాడు.

మర్నాడు చేలో ఫోను కట్టాను. అల్తాఫ్ ఎడ్ల వెనక నుంచి తోలతాడు కాబట్టి ఈసారి గిట్టలకి అడ్డం ఏదీ లేదు. కాసేపు తీసి ఆపేశాను. నాకు చూడబుద్ధి కాలేదు.

చంటి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎడ్లు బాగానే బయల్దేరాయి. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అడుగు సడలింది. కుర్చీకి ఎదురుగా వచ్చి ఆగిపోయాయి. రాఫాయేలు మూతి చాపి అతని భుజం వాసన చూసింది. అల్తాఫ్ ఎంత అదిలించినా కదల్లేదు.

"నువ్వు ఇంటి దగ్గర ఉండు చంటీ," అన్నారు మా ఆయన. "నువ్వు కనపడకపోతే పోతాయి."

"పండగ రోజు ఇంట్లో కూర్చోమంటావా? మన ఊళ్లో మన జత లాగుతుంటే?" అన్నాడు చంటి. "నేను బరి పక్కనే ఉంటా. నన్ను చూసి కూడా ఆగకుండా పోవాలి. నేర్పుతా."

ఆ రోజు నుంచి పొద్దున్నే అదే పని. నేనూ మా ఆయనా చెరో రెక్క పట్టుకుని చంటిని కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. బండ కదిలేది. ఎడ్లు వచ్చి అతని ముందు ఆగేవి. జీవితంలో ఎద్దు మీద చర్నాకోల పడనివ్వనివాడు మట్టి గడ్డలు ఒళ్లో పోసుకుని కూర్చుని విసిరేవాడు. "పోండి! సిగ్గు లేదు మీకు! నన్నేం చూస్తారు, పోండి!" గడ్డ రాఫాయేలు ముట్టె మీద తగిలి పగిలేది. అది తల విదిలించి, మళ్లీ అక్కడే నిలబడేది, చంటి లేచి పక్కకి వస్తాడని.

ఒకసారి కుర్చీని అటు తిప్పమన్నాడు. వీపు చూసి కూడా ఆగాయి. "ఏం నేర్పావయ్యా బాబూ," అని అల్తాఫ్ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నేర్పడం తేలికే అల్తాఫూ," అన్నాడు చంటి. కొన్నాళ్లకి గడ్డ ఎడ్లకి అందేంత దూరం పోవడం మానేసింది. కుడిచేత్తో విసిరేవాడు ఎడమ చేత్తో విసరడం మొదలుపెట్టాడు. నేను చూసి, చూడనట్టు ఊరుకున్నాను. ఆ లెక్క నేను వేయదల్చుకోలేదు.

మెల్లగా అవి ఆగడం తగ్గింది. ఒక రోజు కాస్త తడబడి కదిలాయి. ఒక రోజు నిలబడినట్టే నిలబడి, అల్తాఫ్ కేకకి పోయాయి. పండగ దగ్గర పడ్డాక, ఒక పొద్దున, ఎండ ఇంకా చురుకెక్కకముందే, రెండూ వరసగా వచ్చాయి. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి చెవులు చంటి వైపు తిరిగాయి. కాళ్లు మాత్రం ఆగలేదు. అంగ తగ్గలేదు. మట్టి లేచి అతని ముఖం మీదా చొక్కా మీదా పడింది. బండ అతని ముందు నుంచి గరగరమంటూ వెళ్లిపోయింది. చివర్లో అల్తాఫ్ గాలిలోకి తువ్వాలు ఎగరేసి అరిచాడు. మా ఆయన గట్టు దిగి పరిగెత్తారు.

నేను చంటి పక్కనే నిలబడ్డాను. అతను మట్టి తుడుచుకోలేదు.

"ఆగలేదు చూశావా వదినా?"

"చూశాను."

"మంచి ఎడ్లు. బాగా ఏరావు."

అవతల మలుపు దగ్గర అల్తాఫ్ కాడి విప్పబోతున్నాడు. చంటి గొంతు పెంచి అరవబోయాడు. ఈ మధ్య అతని గొంతు అంత దూరం పోవట్లేదు.

"విప్పమాకని చెప్పు వదినా. ఇంకొక్కసారి తోలమను."

"ఎందుకయ్యా, బాగానే వచ్చింది గదా."

"ఒక్కసారి చూసి లెక్క చెప్పగూడదని నువ్వే గదా అంటావు. ఇందాక పొరపాటున పోయాయేమో."

నేను చెయ్యెత్తి అల్తాఫ్‌కి సైగ చేశాను. ఎడ్లు తిరిగాయి. చంటి కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చున్నాడు, ఒళ్లో ఉన్న మట్టి గడ్డల్ని కిందికి వదిలేశాడు. బండ చప్పుడు దగ్గరికి వచ్చింది. రాఫాయేలు చెవి ఈసారి అతని వైపు తిరగనైనా లేదు.

రెండోసారి కూడా అవి ఆగలేదు.